ఒక సున్నా తక్కువ

ఆగస్టు 19

ఈ రోజు సమావేశంలో యెన్ 'న్యాయం' అన్న మాటను ఎన్నిసార్లు నమిలాడో చెప్పలేను. డైరెక్టరు, నలభై దాటిన మగవాడు, గోడ మీద బొమ్మలు చూపిస్తూ మాకు గోరుముద్దలు తినిపించాడు. "పెద్దవాళ్ళు కుండంతా లాక్కుంటే చిన్నవాళ్ళు పస్తుంటారు. అందుకని ఇకనుంచి తలా ఒక గరిటె." గరిటె అట.

జరిగింది ఇంతే. కింది అంతస్తు ఇనప బీరువాల్లో వందల వర్చువల్ మెషిన్లు అద్దెకుంటున్నాయి. ప్రతిదీ తనకో సొంత కంప్యూటరు, సొంత డిస్కు ఉన్నాయనుకుంటుంది. నిజానికి డిస్కుల గుట్ట ఒకటే; ఒక్క కుళాయి దగ్గర ఊరందరి బిందెలు. నిన్న మా కస్టమర్లలో ఒక బట్టల దుకాణం తగ్గింపు అమ్మకం పెట్టింది. కెమెరా ముందు ఒక అమ్మాయి చొక్కా మీద చొక్కా తొడుక్కుంటూ అరుస్తుంది, దేశమంతా కొంటుంది. దాని మెషిన్ డిస్కు మొత్తం మింగేసింది. పక్కనున్నవి నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాయి: పళ్ళ ఆసుపత్రి, బియ్యం మిల్లు, కొండచరియల్ని కనిపెట్టే వెన్ గారి మెషిన్.

వెన్ గారు అని రాశాను. చేతి అలవాటు. వెన్.

మందు నేను ఏనాడో చెప్పాను. సెకనుకు ఇన్నిసార్లకు మించి డిస్కును తాకరాదని ఒక్కో మెషిన్‌కూ పరిమితి పెట్టమన్నాను. అప్పుడు యెన్ నవ్వి, "కస్టమర్ల కాళ్ళకు సంకెళ్ళా, పెంగ్ గారూ?" అన్నాడు. ఈ రోజు ఆ సంకెలకే గరిటె అని పేరు పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

రేపు అంకెలు బోర్డు మీద రాస్తాడట, నేను యంత్రంలోకి ఎక్కించాలట. పదవీ విరమణ తరువాత దయతలచి ఉంచుకున్న సలహాదారుకు తగిన పనే.

ఆగస్టు 20

మా జనం పెద్ద లెక్కలన్నీ పదివేలలో చెబుతారు. పదివేలు ఒక 'వాన్'. యంత్రం మాత్రం సున్నాలన్నీ విడివిడిగా అడుగుతుంది. ఈ రెండింటి మధ్య దారి తప్పేవాళ్ళలో యెన్‌ను మించినవాడు లేడు. కిందటేడు సింగపూర్ అతిథులకు ఇంగ్లీషులో గొప్పలు చెబుతూ, నూరు వాన్ల మంది, అంటే పది లక్షల మంది వాడుకరులను లక్షమంది అన్నాడు. తన గొప్పను తానే పదో వంతుకు కోసుకున్న మనిషిని నేను మరొకణ్ణి చూడలేదు.

ఈ రోజు బోర్డు ముందు నిలబడి, వేళ్ళు మడుస్తూ, పెదవులు కదుపుతూ రాశాడు. దుకాణానికి మూడు వాన్లు, ఆసుపత్రికి రెండు, మిల్లుకు ఒకటి, ఇలా. వెన్ మెషిన్ చిన్నది కనుక అర వాన్. పట్టికలో 'అర' ఉన్నది ఆ ఒక్క వరుసలోనే.

"మీకు శ్రమ లేకుండా సున్నాలు కూడా నేనే పెట్టేశాను, పెంగ్ గారూ."

శ్రమ అట.

బోర్డు మీద ఉన్నట్టే ఎక్కించాను. యెన్ ఒక చేత్తో మధ్యాహ్నం భోజనం తెప్పించుకుంటూ రెండో చేత్తో ఆమోదం నొక్కాడు. బోర్డు తుడిచేశారు.

ఆగస్టు 21

ఎవరూ ఏమీ అనలేదు.

ఆగస్టు 24

దుకాణం మళ్ళీ అమ్మకం పెట్టింది. పక్కవాళ్ళకు చీమ కుట్టినట్టయినా లేదు. పైవాళ్ళు యెన్‌ను మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. దాన్ని ఆయన అద్దం తలుపుకు లోపలి నుంచి, మేము చదివేలా అంటించాడు.

ఆ ఆనందంలో బీరువాల మీది పొట్లాలు మార్చారు. మొక్కజొన్న గుల్లల పొట్లం. పేరుకు 'బుద్ధిగా ఉండు' అని అర్థం. యంత్రం నెత్తిన పెడితే యంత్రం బుద్ధిగా ఉంటుందట. ఆకుపచ్చదే కావాలి. పసుపుది పెడితే అలుగుతుంది. గడువు దాటినా అలుగుతుంది. పెద్ద చదువులు చదివినవాళ్ళు నిచ్చెనలెక్కి గడువు తేదీలు చూస్తున్నారు. ఒక పొట్లం చేతిలోకి తీసుకున్నాను.

"తినకండి బాబాయ్, అది సర్వరుది," అంది చువో. డ్యూటీ ఇంజనీరు. నోరు పెద్దది, చేయి చురుకు.

"నా పళ్ళకు ఇవెక్కడ నలుగుతాయి."

"మీరు నమ్మరని వాటికి తెలుసు. అందుకే మీ షిఫ్టులోనే చస్తాయి."

నవ్వారు. నవ్వనీ.

వెన్ సంగతి ఒకసారి రాసి అవతల పెడతాను. టెలిఫోను కార్యాలయంలో కంప్యూటర్ విభాగానికి అధిపతి కుర్చీ ఖాళీ అయింది. వరుసలో నేనున్నాను. నాకంటే పెద్దవాడని కమిటీ వెన్‌ను అభిప్రాయం అడిగింది. ఆయన అన్నది ఒక్క మాట: "పెంగ్ పుస్తకాలు బాగా చదువుతాడు." అంతే. ఇంకేమైనా ఉందా అంటే లేదన్నాడట. కమిటీ నవ్వుకుని కుర్చీ ఇంకెవరికో ఇచ్చింది. పాత రాజ్యాల చరిత్రలు నేను చాలా చదివాను. కత్తితో పొడిచినవాడికి శిక్ష ఉంది. పొగిడి పొడిచినవాడికి పెన్షను ఉంది.

నేను పగ పెట్టుకునే మనిషిని కాను.

ఆగస్టు 27

కొండల్లో మధ్యాహ్నం జల్లు. చువో ఫోను పెట్టేసి నా బల్ల దగ్గరికి వచ్చింది.

"బాబాయ్, లియావ్‌కెంగ్ కొండ మెషిన్ వెన్ గారు ఫోను చేశారు. వాన వెలిశాక పావుగంటకు వాన లెక్కలు వచ్చాయంటున్నారు."

"పక్కవాళ్ళ ఒత్తిడి అయుంటుంది."

"పక్కవాళ్ళందరికీ పరిమితులు పెట్టాం కదా."

"అయితే ఆయన మెషిన్ ముసలిదై ఉంటుంది. రాతపూర్వకంగా దరఖాస్తు పంపమను. ఫోను మీద పనులు జరిగే రోజులు పోయాయి."

పదవి వదిలాక వెన్ లియావ్‌కెంగ్ అనే గూడెం పైనున్న వాలు నిండా కడ్డీలు, వాన కొలతలు, కెమెరాలు పాతాడు. వాటి లెక్కలన్నీ మా దగ్గరి మెషిన్ రాసుకుంటుంది. హద్దు దాటితే గూడెంలో సైరన్ కూయిస్తుంది. ఎండలో పనేమీ ఉండదు. వాన పడిందంటే కడ్డీలన్నీ ఒక్కసారి మాట్లాడతాయి. జీతం లేని ఊడిగం. పుణ్యం మూట కట్టుకుంటున్నాడు. పత్రికలో ఫొటో కూడా వేశారు, గొడుగు లేకుండా తడుస్తూ.

ఆగస్టు 28

దరఖాస్తు రాలేదు. గర్వం.

సెప్టెంబరు 2

తనే వచ్చాడు. దరఖాస్తు రాయడానికి చేయి రాదు కానీ రెండు బస్సులు మారి రావడానికి కాళ్ళు వచ్చాయి. సంచిలో జామకాయలు. అందరికీ పంచాడు. చువో ఆయన్ను 'తాతగారూ' అనేసింది. ఒక్క జామకాయకు.

"ఏరా షావ్‌యూ, బక్కచిక్కావు," అన్నాడు అందరి ముందూ. ఈ భవనంలో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు.

"కూర్చోండన్నా."

"కూర్చోను. నా మెషిన్ డిస్కు గీత చూపించు. జల్లు పడిన నాటిది."

చూపించాను. ఎందుకు చూపించకూడదు? తెరకు ముక్కు ఆనించి చాలాసేపు చూశాడు.

"ఇది ఒత్తిడి కాదురా. ఒత్తిడి ఉన్న డిస్కు పళ్ళు పళ్ళుగా గీస్తుంది. ఇది బల్ల గీసింది. చదునుగా. ఎవరో చెయ్యి అడ్డం పెట్టారు."

"అందరికీ పెట్టాం. డైరెక్టరు గారి నిర్ణయం."

"నాకెంత?"

"అర వాన్."

"అర వాన్ పెడితే ఇంత కిందనా బల్ల?"

"కళ్ళజోడు మార్చుకోండన్నా."

నా వైపు తిరిగాడు. ఆయనకు కుడి కంట్లో పొర ఉంది; ఏం చూశాడో, ఏం చూడలేదో చెప్పలేం.

"మార్చుకుంటాలే," అన్నాడు. "నువ్వొకసారి చూడు. తుపానుల కాలం."

జామకాయ నా బల్ల మీద ఉంది. పురుగు ఉంటుంది లోపల. ఈ కాలం కాయల్లో ఉంటుంది.

సెప్టెంబరు 5

చూశాను. ఐదువందలు ఉంది. ఐదువేలు ఉండాలి.

ఒక సున్నా జారింది. యెన్ బోర్డు మీదే జారిందో, నా వేలి కింద జారిందో, బోర్డు తుడిచేశారు కనుక ఎవరూ తేల్చలేరు. సున్నాలు జారతాయి. సున్నా అంటేనే ఏమీ లేనిది.

సరిచేయడం చిన్న పనే. కానీ ఒకరు అడగాలి, ఇంకొకరు నొక్కాలి. ఆ నియమం రాసింది నేనే. ఈ గదిలో ఎవరినీ నమ్మలేక రాశాను. నేను అడిగితే చువో నొక్కాలి. నొక్కేముందు "ఇదెలా పడింది బాబాయ్?" అంటుంది. ఆ పిల్ల అడగకుండా ఏదీ చేయదు. నలుగురూ వింటారు.

వెన్ దరఖాస్తు పంపితే ఈ తలనొప్పి ఉండేది కాదు. దరఖాస్తు మీద సరిచేయడం వేరు, నాకై నేను సరిచేయడం వేరు.

వచ్చే వారం చూద్దాం.

సెప్టెంబరు 6

ఎండ. కొండల మీద కూడా ఎండేనట.

సెప్టెంబరు 7

ఎండ.

సెప్టెంబరు 9

తుపాను ఎల్లుండి కాదు, రేపే అంటున్నారు. పొద్దున్నుంచి ఆఫీసులో ఒకటే గోల: రేపు సెలవు ప్రకటిస్తారా, ప్రకటించరా. ప్రళయం వస్తోందంటే ఈ జనం అడిగే మొదటి ప్రశ్న సెలవుందా అని. రెండోది, నూడుల్సు ఉన్నాయా అని.

యెన్ అందరినీ పిలిచాడు. రక్షణ చర్యలట. ఒకటి, పొట్లాలన్నీ కొత్తవి పెట్టాలి. రెండు, సాయంత్రం నుంచి తుపాను దాటేదాకా ఏ మెషిన్ అంకెలూ ఎవరూ మార్చరాదు, తన అనుమతి లేకుండా. మార్చేవి ఏమైనా ఉంటే ఇప్పుడే చెప్పమన్నాడు.

"ఎవరికైనా? ఏమైనా?" అని ఒక్కొక్కరి ముఖమూ చూశాడు. నా ముఖం దగ్గర కాస్త ఆగాడు కూడా. "పెంగ్ గారూ? మీరు పెద్దవారు, మీ కంటికి ఏమైనా ఆనిందా?"

"పొట్లాలు ఆకుపచ్చవే కదా," అన్నాను.

బాగా నవ్వారు. ఎన్నాళ్ళకో నా మాటకు నవ్వారు.

సెప్టెంబరు 10

ఊరికి సెలవు. డ్యూటీకి నేనే వస్తానన్నాను, మిగతావాళ్ళకు సంసారాలున్నాయి. వేరే కారణం ఏమీ లేదు. చువో కూడా వచ్చింది.

"తుపాను వచ్చిందంటే మా అత్తగారు పెళ్ళికి వండినట్టు వండుతుంది బాబాయ్. తినకపోతే ఏడుస్తుంది. ఇక్కడైతే సర్వర్లు మాత్రమే ఏడుస్తాయి."

కిటికీలకు అంటించిన టేపు ఊడి, గాలికి జెర్రిలా కొట్టుకుంటోంది. నేను చదువుకుంటూ కూర్చున్నాను. ఒక పాత రాజ్యం కథ. సరిహద్దు నుంచి వచ్చే విన్నపాలను ద్వారం దగ్గరి అధికారి రాజుకు ఒక్కొక్కటిగా, తీరికగా పంపేవాడు. ఏదీ ఆపలేదు. నెమ్మదిగా పంపాడు, అంతే. పుస్తకం మూసేశాను. అనువాదం బాగోలేదు.

"బాబాయ్, ఇటు రండి. కొండ మెషిన్."

"ఏమైంది?"

"రాతలు పేరుకుపోతున్నాయి. పొద్దుటి వానను ఇప్పుడు రాసుకుంటోంది. ఇప్పుడు పడే వానను ఎప్పుడు రాస్తుందో. దీనికెంత పెట్టారు?"

"అర వాన్."

తెరిచి చూసింది. తన ముఖంలో నవ్వు పోవడం చూశాను.

"ఐదొందలుంది."

నేను వంగి, కళ్ళజోడు సర్దుకుని, కొత్తగా చూసినట్టు చూశాను.

"సున్నా పోయింది," అంది. ఆ తరువాత అన్న మాట కూడా తనదే. ఇది సరిగ్గా రాసుకోవాలి: నేను ఎవరి పేరూ ఎత్తలేదు. తనే పళ్ళు నూరి, "యెన్ సారు చేతికి సున్నాలివ్వడం కోతికి కొబ్బరికాయ ఇవ్వడమే. అర వాన్ అనేసరికి తికమకపడి ఉంటాడు. అవునా బాబాయ్?" అంది.

తల ఊగిందేమో. మెడనొప్పి ఉంది.

యెన్‌కు ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. మామగారింట్లో మాజాంగ్ పలకల ఆట ఆడుతున్నాడని తరువాత తెలిసింది. ఆ పలకల చప్పుడులో ఏ ఫోనూ వినిపించదు.

"మీరు అడగండి, నేను నొక్కుతా. తిట్లు తరువాత తిందాం."

"అనుమతి లేకుండా..."

"బాబాయ్, అక్కడ సైరన్ కూయాలి."

అడిగాను. అడిగే పేజీలో 'కారణం' అని ఒక గడి ఉంది. ఖాళీగా వదిలితే ముందుకు పోదు. దాన్ని తప్పనిసరి చేయించిందీ నేనే. ఆ గడిలో మెరిసే గీత వైపు కాసేపు చూశాను. ఎంతసేపని అడిగితే చెప్పలేను. "త్వరగా బాబాయ్," అంది. 'అంకె పొరపాటు' అని రాశాను. ఎవరి అంకె, ఎవరి పొరపాటు అని ఆ గడి అడగదు.

నొక్కింది. బల్ల విరిగి పళ్ళు మొలిచాయి. పేరుకున్న వానంతా ఒక్క గుక్కలో రాసుకుంది మెషిన్.

"కూసింది," అంది చువో, కుర్చీలో వెనక్కి వాలి.

తరువాత నూడుల్సు తిన్నాం. ఉప్పు ఎక్కువ. గిన్నె అడుగున నూనె గడ్డకట్టింది.

సెప్టెంబరు 11

వాలు సైరన్ కంటే ముందే జారింది.

గూడెం పెద్ద చువోకు ఫోనులో చెప్పిన సంగతి. వెన్ మొన్న సాయంత్రమే అక్కడికి వెళ్ళాడు. మెషిన్ మీద నమ్మకం లేదని ఇంటింటి తలుపూ తట్టి జనాన్ని బడిలోకి చేర్చాడు. నిన్న పొద్దున్న సైరన్ కూయలేదు. "సైరనే కూయలేదు, వెన్ గారిది చాదస్తం" అని కొందరు ఇళ్ళకు తిరిగి నడిచారు. వాళ్ళ వెంటపడి తిట్టి మళ్ళీ తోలుకొచ్చాడు. ఫాన్ అనే ముసలామె మాత్రం బాతులకు మేత వేసి వస్తానని ఉండిపోయింది. ఆమె కోసం ఒక్కడే వెళ్ళాడు. ఆమెను వాకిట్లోకి తోసేలోగా వెనక గోడ ఆయన మీద పడింది.

ముసలామె బతికింది. ఆయనా బతికాడు. ఎడమకాలు మోకాలి కింద తీసేశారు.

ఎవరు వెళ్ళమన్నారు? డెబ్బై ఏళ్ళ మనిషి, ఒక కన్ను సరిగా కనపడదు, బాతుల కోసం. ఎప్పుడూ ఇంతే ఈయన. నలుగురి ముందూ తడవాలి.

అన్నం సహించలేదు. వాసన వస్తోంది.

సెప్టెంబరు 14

యెన్ నన్ను ఆసుపత్రికి వెంట తీసుకెళ్ళాడు. పళ్ళబుట్ట ఆయనే మోశాడు. చువో సున్నా సంగతి చెప్పినప్పటి నుంచి ఆయన నిద్రపోయినట్టు లేడు. దారిలో ఒకే మాట తిప్పి తిప్పి అడిగాడు.

"బోర్డు మీద నేను ఎంత రాశానో మీకు గుర్తుందా, పెంగ్ గారూ? నాకు గుర్తు రావడం లేదు. ఐదు పెట్టి, సున్నాలు... మూడా, రెండా?"

"చాలా అంకెలున్నాయి ఆ రోజు," అన్నాను.

"రెండే పెట్టుంటాను. నా సంగతి నాకు తెలుసు. సింగపూర్ వాళ్ళ ముందు కూడా ఇదే కదా."

వార్డులో మంచం పక్కన నడుం వంచి నమస్కరించాడు. ఎంత వంచాడంటే తల మంచం కమ్మీకి తగిలింది. "తప్పు నాది. రాజీనామా ఇచ్చేశాను. మీ కాలు నేను తిరిగి ఇవ్వలేను." ముక్కు కారుతోంది. డైరెక్టరు. నేను ముఖం తిప్పుకున్నాను.

వెన్ ఆయన్ను లేవమన్నాడు. "బయట మిషన్‌లో టీ దొరుకుతుంది, నాయనా. నాకొకటి పట్రా," అని పంపించాడు. తలుపు మూసుకున్నాక నన్ను చూశాడు.

"నువ్వు చూస్తావనుకున్నానురా."

"ఏమిటన్నా?"

"ఆ రోజే తెలుసు నాకు. అర వాన్‌కు అంత కింద బల్ల పడదు. మీ డైరెక్టరుకు చెబుదామనుకున్నా. షావ్‌యూ చూస్తాడులే, చెప్పినాక చూడకుండా ఉండడులే అని బస్సెక్కేశా."

"బోర్డు మీద..."

"బోర్డు వద్దు."

పక్క మంచం మీద ఎవరో దగ్గారు.

"నాకు కాలు మళ్ళీ మొలవదు," అన్నాడు. "ఆ అబ్బాయికి ఉద్యోగం మాత్రం మొలవచ్చు. ఇద్దరు పిల్లలట. రాజీనామా ఇంకా పైవాళ్ళ దగ్గరే ఉందట. నేను చెప్పను. నువ్వే చెప్పు."

"నన్నేం చేశారో మీకు గుర్తుందా అన్నా? కమిటీలో?"

ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, నుదురు ముడిపడింది. "ఏ కమిటీరా?"

యెన్ టీ పట్టుకుని వచ్చాడు. మూడు కప్పులు. నాకూ ఒకటి.

సెప్టెంబరు 15

రేపు చెబుతాను.

సెప్టెంబరు 16

పైవాళ్ళు రాలేదు. ఫోనులో చెప్పే విషయం కాదు.

సెప్టెంబరు 17

యెన్ ఐదువేలు అనే రాశాడు. ఐదు, మూడు సున్నాలు. సున్నాలు గుండ్రంగా, ఒకదానికొకటి ఆనుకుని, బడిపిల్లాడి రాతలా ఉన్నాయి. ఆ వరుస దగ్గర ఒకసారి ఆగి, వేళ్ళు మళ్ళీ మడిచి, సరిచూసుకున్నాడు కూడా. అది చూసి నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ముఖం మీద ఉండగానే ఎక్కించాను.

రాసేశాను కదా. ఇది చదివేవాళ్ళెవరూ లేరు.

సెప్టెంబరు 19

యెన్ సామాను సర్దుకున్నాడు. ఒక అట్టపెట్టె, పిల్లల ఫొటో, మెడకింద పెట్టుకునే దిండు. తలుపుకు అంటించిన పైవాళ్ళ ఉత్తరం గోటితో గీకి తీశాడు, జిగురు మిగిలింది. లిఫ్టు దగ్గర నా రెండు చేతులూ పట్టుకున్నాడు. అరచేతులు చెమట.

"కారణం గడిలో మీరు నా పేరు రాయలేదు, పెంగ్ గారూ. చూశాను. పొరపాటు అని మాత్రం రాశారు. మీ మంచితనం ఈ జన్మకు మరచిపోను."

ఇంటికొచ్చి సబ్బుతో కడుక్కున్నాను. మళ్ళీ కడుక్కున్నాను. నాకు ఆ మనిషి ఎప్పుడూ నచ్చలేదు.

సెప్టెంబరు 22

పైవాళ్ళు వచ్చారు. ముగ్గురు, ఒకే రకం బూట్లు. చెబుదామనే కూర్చున్నాను. చెప్పబోయేలోగా వాళ్ళే మొదలుపెట్టారు. ఆపదలో నియమాన్ని పక్కనబెట్టి పరిమితి ఎత్తేసిన మనిషిని మరచిపోలేమన్నారు. ఇలాంటి సమయంలో ఈ గదికి వయసు, నిదానం, చదువు ఉన్నవాడు కావాలన్నారు. యెన్ కుర్చీలో ఒక ఏడాది కూర్చుంటే చాలు, ఆ తరువాత కొత్తవారిని చూసుకుంటామన్నారు.

ఇరవై ఆరేళ్ళు ఆలస్యం. అదీ ఏడాదికి. ఎంగిలి విస్తరి.

ఆలోచించి చెబుతానన్నాను. యెన్‌కు వేరే చోట దొరుకుతుంది, వయసుంది. ఇప్పుడు చెబితే అందరికీ చీకాకు, చువో కూడా ఇరుక్కుంటుంది; నొక్కింది తనే కదా. వెన్‌కు కృత్రిమ కాలు కంపెనీయే పెట్టిస్తుందట. అన్నీ ఆలోచించాలి.

సెప్టెంబరు 24

ఆసుపత్రి నుంచి ఫోను. ఎత్తలేదు.

సెప్టెంబరు 25

ఎత్తలేదు.

అక్టోబరు 3

కుర్చీ బాగుంది. నడుముకు ఆనేచోట మెత్తగా ఉంది. అద్దం తలుపు మీది జిగురును మనిషిని పెట్టి తుడిపించాను.

మొదటి పని, కొండ మెషిన్ పరిమితి పెంచడం. వాన ఉన్నా లేకున్నా రెండు వాన్లు ఇవ్వమన్నాను. ఎవరూ అడగలేదు, నేనే ఇచ్చాను. రాసుకోవాలి ఇది. నేను అడిగాను, చువో నొక్కాలి. నొక్కలేదు. కుర్చీలోంచి లేచి నిలబడింది. గదిలో మిగతావాళ్ళు తలలెత్తారు.

"అంకె పైకి చదవండి, డైరెక్టరు గారూ," అంది.

ఇన్నాళ్ళూ బాబాయ్ అనేది.

"ఇరవై వేలు," అన్నాను.

"అలా కాదు. సున్నాలతో. ఒక్కొక్కటీ."

ఆసుపత్రికి తనూ వెళ్ళివచ్చిందని అప్పుడు అర్థమైంది. కోపం లేదు ముఖంలో. మురిక్కాలువ పక్కన నడిచేటప్పుడు మనిషి ముఖం ఎలా పెడతాడో అలా పెట్టింది. వేలు మీట మీద ఉంచి ఆగింది.

చదివాను. రెండు. సున్నా. సున్నా. సున్నా. సున్నా.

గొంతు బాగానే పలికింది.